పళ్ళెం చప్పుడు

మొసలి మా రేవుకి మొదటిసారి వచ్చినప్పుడు మా అత్త పేరమ్మ అంట్లు తోముతోంది. సత్తు పళ్ళేనికి అంటిన మాడు ఎంతకీ వదలకపోతే గరిటె కాడతో గీకి, విసుగెత్తి, ఆ గరిటెతోనే పళ్ళెం మీద మూడు దెబ్బలు వేసింది. తలెత్తి చూస్తే రెండు బారల దూరంలో నీళ్ళ మీద రెండు కళ్ళున్నాయి.

ఇంకొకరైతే కేకపెట్టి ఒడ్డెక్కేవాళ్ళు. మా అత్త చేతులు జోడించింది. చేపలు కోసిన పేగులు పక్కన గంపలో ఉంటే దోసెడు తీసి నీళ్ళలో వేసింది. అది మింగి, ఇంకా పెడుతుందేమోనని అక్కడే ఆగిందట. మా అత్త తడి చీరతోనే ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏమే రత్నం! గంగమ్మ తల్లి వాహనం నా చేతి తిండి తిన్నదే!"

నేనప్పుడు కొండికి అన్నం కలిపి పెడుతున్నాను. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. కొండి నోరు తెరిచి ఎదురుచూస్తోంది.

కొండి అంటే నా కూతురు కొండలమ్మ. అప్పటికి మూడు నిండాయి. దానికి ముందు పుట్టినవాడు పురిట్లోనే పోయాడు. దివిసీమ ఉప్పెనలో నా పుట్టింట్లో మా అమ్మ, తమ్ముడు పోయారు. నాకు మిగిలింది ఇదొక్కతే. అది రేవు వైపు నాలుగడుగులు వేసినా నా కాళ్ళు వాటంతటవే లేచేవి.

భవానీపురం దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే కృష్ణ ఒడ్డున ముప్ఫై గడపల పల్లె మాది. అందరం వల మీద బతికేవాళ్ళమే. నా భర్త బంగార్రాజుకి సొంత పడవ ఉండేది. ఉప్పెన వచ్చిన మరుసటి వేసవిలో ఫారెస్టువాళ్ళు లారీలో ఆరు మొసళ్ళను తెచ్చారు. ఒక్కోటీ నాలుగడుగులుంది. మూతులకు తాళ్ళు కట్టి, గోనెసంచుల్లో తడిపి తెచ్చారు. మాకు ఎదురుగా ఉన్న లంక దగ్గర తాళ్ళు విప్పి ఏట్లో వదిలారు. వాటిని కనిపెట్టుకొని ఉండటానికి శౌరయ్య అనే వాచరుని పెట్టారు. వయసు మళ్ళినవాడు, మెళ్ళో శిలువ తాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. డప్పు కొట్టించి చెప్పాడు.

"వెనకటి రోజుల్లో ఈ ఏట్లో మొసళ్ళుండేవి. తోళ్ళ కోసమని కాల్చిచంపారు. ఇప్పుడు గవర్నమెంటు మళ్ళీ తెచ్చింది. చంపితే జైలు. ఎవరూ మేత మాత్రం వెయ్యొద్దండీ. వాటి తిండి అవే వెతుక్కోవాలి."

"మా తిండే మాకు దొరకట్లేదు, వాటికేం దొరుకుద్ది శౌరయ్యా? ఆ లారీలోనే వాటికో బియ్యం బస్తా కూడా దించకపోయారా!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. గోనెసంచిలోంచి ఒకటి బయటికి జారుతున్నప్పుడు దాని కన్ను చూశాను. ఎండకి రెప్ప వెయ్యలేదది.

మేత వెయ్యొద్దన్న మాట మా వాళ్ళెవరూ చెవిన పెట్టలేదు. దానికో కారణం ఉంది. వల తీశాక మొదటి చేపను గంగమ్మకి వెయ్యడం మా ఆనవాయితీ. ఇన్నేళ్ళూ నీళ్ళలోకి విసిరేస్తే ఏ వాలుగ చేపో తినేసేది. గంగమ్మకి చేరిందో లేదో ఎవరికి తెలుసు? ఇప్పుడు ఆ తల్లి వాహనమే వచ్చి నోరు తెరిచి అందుకుంటోంది. అది కళ్ళారా చూసి మానేదెవరు? మా అత్త రోజూ దీపాలవేళకు మొదటి చేప పళ్ళెంలో పెట్టుకొని రేవు కిందిమెట్టు దాకా దిగేది. గరిటెతో మూడు దెబ్బలు వేసేది. "రా తల్లీ, రా" అనేది. అది వచ్చేది. పదిరోజులు తిరిగేసరికి పల్లెలో అందరి మొదటి చేపా మా అత్త పళ్ళెంలోకే వచ్చేది.

ఆ యేడు ఏట్లో జరిగినవన్నీ మంచివే. అది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది.

వాలుగలు తగ్గిపోయాయి. మనిషి చెయ్యంత పొడవుండి, వలలో పడ్డ చేపల్ని వలతో సహా కొరికేసే వాలుగలు. వాటిని మొసళ్ళు తినేశాయి. అవి తగ్గేసరికి గండెలు, బొచ్చెలు, పరిగెలు గుంపులు గుంపులుగా పెరిగాయి. అంతకుముందు ఊళ్ళోంచి కుర్రాళ్ళొచ్చి తూటాలు వేసి, ఎండ్రిన్ పురుగుమందు కలిపి చేపలు పట్టేవాళ్ళు. చచ్చిన పిల్లచేపలు తెల్లగా తేలేవి. మొసళ్ళున్నాయని తెలిశాక ఒక్కడూ నీళ్ళలో కాలు పెట్టలేదు. శ్మశానం దగ్గర మందలుగా తిరిగే కుక్కలు ఒక్కోటీ కనిపించకుండా పోయాయి. కుక్కలు పోయాక ఇసుకలో తాబేలు గుడ్లను తవ్వేవి లేక, వానాకాలం ముందు లంక ఇసుక మీద తాబేలు పిల్లలు చీమల్లా పాకాయి. గేదెలు కూడా రేవుకి దిగడం మానేశాయి. వాటి తొక్కుడు లేకపోయేసరికి ఒడ్డు పొడుగునా జమ్ముగడ్డి లేచింది. జమ్ములో కొంగలు గూళ్ళు కట్టాయి.

నేను ఏడో తరగతి దాకా చదివాను. మా సైన్సు పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. గడ్డిని మిడత, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద. బాణం గుర్తులు గీసి ఉండేవి. ఆ యేడు ఏటిని చూస్తుంటే ఆ బాణాలన్నీ కళ్ళముందు కదిలినట్టుండేది. ఆ బొమ్మలో మనిషి లేడు. ఎక్కడ గీయాలో ఆ పుస్తకం రాసినవాళ్ళకీ తెలియలేదేమో.

జమ్ము మా రేవు మెట్ల దాకా వచ్చింది. అది మనిషి ఎత్తు. గాలి లేకపోయినా ఒక్కోసారి కదిలేది.

"ఆ జమ్ము కోసెయ్యవయ్యా" అన్నాను ఒకరోజు బంగార్రాజుతో.

"పిచ్చిదానా, పరిగె గుడ్లు పెట్టేది దాని మొదట్లోనే. కోస్తే వచ్చే యేడు మట్టి తింటామా?"

"కొండి అటు పోతే?"

"నువ్వు పోనిస్తే గదా! దాని నీడనైనా నువ్వు ఒంటరిగా వదలవు" అని నవ్వాడు. మంచివాడే. నా భయం ఆయనకు అలవాటైపోయింది, అంతే. అలవాటైన భయాన్ని ఎవరూ వినరు.

చలికాలం వచ్చేసరికి రేవుకి వచ్చే మొసలి ఆరడుగులు దాటింది. పల్లె మొత్తం తిండి పెడుతోంది కదా. లంక మీద మిగతావి ఇంకా చిన్నవిగానే ఉన్నాయి.

మా ఇంట్లో ఎర్రోడని ఒక కుక్క ఉండేది. కొండి దాని మీద తల పెట్టుకొని పడుకునేది. మాఘమాసంలో ఒక పట్టపగలు పక్కింటి కొండవీటి గంగులమ్మ రేవులో బిందె తోముతుంటే ఎర్రోడు ఆమె పక్కన నీళ్ళు తాగడానికి వంగాడు. గంగులమ్మ బిందెను రాతికి కొట్టి ఇసుక దులిపింది. జమ్ము ఒక్కసారి విచ్చుకుంది. ఆమెకు కనపడింది తోక ఒక్కటే. కుక్క అరవను కూడా అరవలేదట. ఆమె బిందె వదిలేసి వచ్చి మా గడప మీద కూలబడింది.

"అమ్మవారు మొక్కుబడి తీసుకుంది. మూగజీవాన్నిచ్చి మనం బతికిపోయాం" అంది మా అత్త.

నాకు మాత్రం బిందె శబ్దమే చెవిలో ఉండిపోయింది. మధ్యాహ్నం పూట దానికి తిండి పెట్టేవాళ్ళెవరూ లేరు. మరి ఎందుకొచ్చింది?

ఆ సాయంత్రం కొండిని చంకనేసుకొని గట్టు మీద శౌరయ్య పాక దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, అది పళ్ళెం చప్పుడికి ఎందుకొస్తది?"

శౌరయ్య బీడీ పక్కన పెట్టాడు. "తొట్టిలో పుట్టినవమ్మా అవి. గుడ్లోంచి వచ్చిన రోజు నుంచీ సిమెంటు తొట్టిలోనే పెరిగాయి. మేత తెచ్చేవాడు రేకు బకెట్టు మీద గరిటెతో కొట్టేవాడు. చప్పుడైతే మేత. ఏట్లో వదిలితే మర్చిపోతాయన్నారు ఆఫీసర్లు. మర్చిపోయేవే. మీ అత్త మర్చిపోనివ్వలేదు."

"అంటే బిందె మోగినా, గిన్నె మోగినా..."

"దానికి తేడా ఏం తెలుసు తల్లీ? మోగితే తిండి. మోగించినవాళ్ళ దగ్గర తిండి." బీడీ మళ్ళీ అందుకున్నాడు. "పట్టుకెళ్ళమని పైకి రెండుసార్లు రాశాను. జవాబు లేదు."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మా అత్త వల అల్లుతూ తలెత్తలేదు.

"ఆ శిలువాయనకి మన గంగమ్మ సంగతేం తెలుసే? బకెట్టంట! గుళ్ళో గంట కొడితే దేవుడు లేస్తాడు, అది బకెట్టేనా?"

"అత్తా, ఎర్రోడు..."

"ఎర్రోడు పోయాడు. వలలు నిండుతున్నాయి. నీ మొగుడు కొత్త నైలాను వల కట్టాడు. నీకు రెండు పూటలా అన్నం ఉంది. నీళ్ళు మీ అమ్మని తీసుకుపోయాయని ఊళ్ళోవాళ్ళందరినీ నీళ్ళకి దూరంగా కూర్చోమంటావా? జాలరిదానివై పుట్టి నీళ్ళంటే అంత జడుపైతే రోడ్డు మీద సోడాలు అమ్ముకునేవాణ్ణి చేసుకోవాల్సింది!"

నేను బంగార్రాజు వైపు చూశాను. ఆయన వలకి గుండ్లు కడుతూ, "అమ్మా, ఒకసారి ఆపి చూడరాదూ" అన్నాడు, ఆమెకు వినపడనంత మెల్లగా.

ఆ రాత్రి నుంచి నేను అంట్లు రేవుకి తీసుకెళ్ళలేదు. రోడ్డు దగ్గర బోరింగు పంపు దాకా మోసుకెళ్ళి తోమేదాన్ని. ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "రత్నానికి కొత్తగా పట్నం సోకు పట్టిందే!" గంగులమ్మ మాత్రం నవ్వలేదు. రెండో రోజు నుంచి తను కూడా బిందె ఎత్తుకొని నా వెనకే వచ్చింది.

ఇన్ని జాగ్రత్తల్లో నేనొకటి మర్చిపోయాను. చీకటి పడేవేళ మా అత్త రేవుకి వెళ్తుంటే కొండి గుమ్మంలో నిలబడి రోజూ చూసేది.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం. కుంపటి మీద పులుసు పొంగుతోంటే గుడ్డ కోసం లోపలికి వెళ్ళాను. గుడ్డ వెతకడానికి ఎంతసేపు పడుతుంది? అంతే. బయటికొచ్చేసరికి కొండిని కూర్చోబెట్టిన పీట ఖాళీ. పీట పక్కన ఉండాల్సిన పాలడబ్బా మూత లేదు.

రేవు వైపు నుంచి వినిపించింది. టంగ్. కాసేపాగి, టంగ్. మూడోది.

నేనెలా వెళ్ళానో నాకు తెలియదు. కిందిమెట్టు మీద నా కూతురు గొంతుక్కూర్చొని ఉంది. ఎడమచేతిలో డబ్బా మూత, కుడిచేతిలో అన్నపు గరిటె. మూత మీద అది తినకుండా దాచుకున్న చేపముక్క. మా అత్త గొంతుతోనే, ఆ సాగదీతతోనే అంటోంది.

"రా తల్లీ, రా..."

జమ్ము విడిపోయి ఉంది. నీళ్ళకీ మెట్టుకీ మధ్య ఆ తల పూర్తిగా బయటికొచ్చి ఉంది. కొండి చెయ్యి చాచితే తగిలేటంత దగ్గర. అది నోరు తెరిచి, కదలకుండా ఎదురుచూస్తోంది. పెట్టేవాళ్ళు పెడతారని దానికి తెలుసు. దానికి నేర్పిందదే. కొండి చేపముక్క తీసుకొని వంగింది.

జుట్టు దొరికిందో గౌను దొరికిందో, పట్టుకొని వెనక్కి లాగాను. ఇద్దరం మెట్ల మీద పడ్డాం. గరిటె నీళ్ళలో పడింది. దవడలు మూసుకున్న చప్పుడు, మానును గొడ్డలితో కొట్టినట్టు, మా ఇంటి దాకా వినపడిందట. అది గరిటెను ఉమ్మేసి, మళ్ళీ నోరు తెరిచి, మా వైపే చూస్తూ అక్కడే నిలబడింది.

పైమెట్టు మీద మా అత్త ఉంది.  కొండి నా మెడ పట్టుకొని ఏడుస్తోంది, భయంతో కాదు, చేపముక్క పడిపోయినందుకు.

ఆ సాయంత్రం మా అత్త రేవుకి వెళ్ళలేదు. పళ్ళెం చూరులో దోపి, గోడవైపు తిరిగి కూర్చుంది. దీపాలవేళ దాటాక ఏట్లో నీళ్ళు చరిచిన చప్పుడు వినిపించింది. మొసలి మెట్ల మొదట్లో అటూ ఇటూ తిరుగుతోంది. మర్నాడు ఉదయం చూస్తే రెండో మెట్టు మీద బురద. మూడో రోజుకి ఆ బురద నాలుగో మెట్టు మీద ఉంది.

పల్లెలో మగవాళ్ళు గట్టు మీద కూడారు. "ఎండ్రిన్ పూసిన చేప వేస్తే సరి" అన్నారు కొందరు. "ఏట్లో విషం కలిపితే మిగతా చేపలేం కావాలి? మళ్ళీ వాలుగలకి వలలు ఒప్పజెప్పుకుందామా?" అన్నారు ఇంకొందరు. జైలు మాట కూడా వచ్చింది. శౌరయ్య అంతా విని నా వైపు తిరిగాడు.

"తిండి ఆపితే అది ఆకలితో ఇల్లిల్లూ వెతుకుద్ది. చోటు మార్చాలమ్మా. రోజుకి కొంచెం పైకి తీసుకెళ్ళి పెట్టాలి. లంక దాటాక పెద్ద మడుగుంది. అటు మనుషులు లేరు. అక్కడ అలవాటు చేసి, అప్పుడు ఆపాలి."

"దిగువకి ఎందుకు గాదు?" అన్నాడు బంగార్రాజు.

"దిగువన భవానీపురం రేవులు. అక్కడ స్నానాలు చేసేది మనుషులే గదయ్యా!"

చూరులోంచి పళ్ళెం నేనే తీశాను. మా అత్త ఇంకో గరిటె తెచ్చి నా చేతికిచ్చింది, నా మొహం చూడకుండా. "మూడే కొట్టు. ఎక్కువ కొడితే దానికి కోపం" అంది.

పల్లెలో గిన్నె మోగడం ఆగిపోయింది. అంట్లన్నీ పంపు దగ్గరే, అక్కడ కూడా గడ్డి పరుచుకొని తోమేవాళ్ళు. కంచాలు బోర్లించేటప్పుడు కింద గుడ్డ వేసేవాళ్ళు. సాయంత్రం పూట ముప్ఫై ఇళ్ళున్న పల్లె చచ్చినట్టుండేది. కొండిని గంగులమ్మ ఇంట్లో తలుపు గడియపెట్టి ఉంచి, నేను పడవెక్కేదాన్ని. బంగార్రాజు గెడ వేసేవాడు. మొదటి రోజు రేవుకి ఎగువన యాభై బారలు. మర్నాడు ఇంకో యాభై. పడవ అంచు మీద పళ్ళెం ఆనించి మూడు దెబ్బలు వేసేదాన్ని. అది వచ్చేది. తొందరలో విసిరితే చేప ఒక్కోసారి పడవలోనే పడేది.

ఆరో రోజు దాని వెనక ఇంకోటి వచ్చింది. పదో రోజుకి నాలుగయ్యాయి. లంక దగ్గరవి కూడా ఆ చప్పుడు మర్చిపోలేదన్నమాట.  మర్నాడు బంగార్రాజు గంపలో చేపలు రెట్టింపు వేశాడు.

రేవు మెట్ల మీద బురద ఆరిపోయింది. నేను పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి కడుపు నిండా తిన్నాను. కొండి, "తల్లి ఏదే?" అని అడిగితే, "ఊరెళ్ళింది" అని చెప్పాను.

పదిహేనో రోజు మడుగు దగ్గరికి చేరాం. ఎండ తగ్గింది గాని ఇంకా వెలుతురుంది. నాలుగూ వచ్చాయి. గంపలో ఉన్నదంతా వాటికి విసిరేశాను. చివరి చేప దాకా. ఇక మర్నాటి నుంచి పిలుపు లేదు. అవి మడుగులోనే వెతుక్కుంటాయి, వాలుగలు పట్టుకుంటాయి, మెల్లగా మర్చిపోతాయి.

"అయిపోయింది రత్నం. ఆ పళ్ళెం కూడా విసిరెయ్ నీళ్ళలోకి" అన్నాడు బంగార్రాజు. చాలా రోజులకి ఆయన నవ్వడం చూశాను.

పళ్ళెం నీళ్ళ మీదికి చాచాను. అప్పుడే వినిపించింది. టంగ్. తర్వాత ఇంకోటి. తర్వాత ఒకేసారి పది, ఇరవై.

ఎగువ ఒడ్డున, పోయినసారి మేం వల వేసినప్పుడు చవుడు నేల తప్ప ఏమీ లేని చోట, తాటాకు గుడిసెల వరస కనపడింది. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను పనికి కొత్తగా వచ్చిన కూలీలు. వారం కూడా అయుండదు, ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. పొద్దు వాలింది కదా, పని నుంచి వచ్చిన ఆడవాళ్ళు గిన్నెలు, బిందెలు పట్టుకొని నీళ్ళలోకి దిగుతున్నారు. ఎవరో పాప నవ్వింది. నా కొండి వయసుంటుందేమో, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చెంబుతో నీళ్ళు చిమ్ముతోంది.

మా పడవ చుట్టూ ఉన్న నాలుగు తలలూ ఒకేసారి అటు తిరిగాయి.

"ఓయ్! ఒడ్డెక్కండి! ఓ అమ్మా!" అని అరిచాను. గాలి దిగువకి కొడుతోంది. వాళ్ళ చప్పుడు మాకు చేరుతోంది, మా కేక వాళ్ళకి చేరడం లేదు. ఒకామె మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది.

తలలు నీళ్ళలో మునిగాయి. నాలుగు గీతలు ఎగువకి సాగాయి. పెద్దది ముందుంది.

బంగార్రాజు గెడ పట్టుకొని నిలబడిపోయాడు. "వాళ్ళు మనోళ్ళు కాదు రత్నం" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇంట్లో కొండి ఉంది."

ఉంది. గడియ వేసిన తలుపు వెనక, నా కోసం ఎదురుచూస్తూ ఉంది.

నేను పళ్ళేన్ని పడవ అంచు మీద ఆనించాను. గరిటె ఎత్తాను. మూడు దెబ్బలు వేశాను.

గీతలు ఆగాయి. నీళ్ళు కాసేపు నిశ్చలంగా ఉన్నాయి. తర్వాత ముందు పెద్దది, దాని వెనక మిగతావి, వెనక్కి తిరిగాయి. తిన్నగా మా పడవ వైపే వస్తున్నాయి.

నేను గంప లోపల చెయ్యి పెట్టి తడిమాను. తడి గడ్డి తప్ప ఏమీ తగల్లేదు.